కొంగ పడ్డ ఇంట్లో ఇద్దరు అభ్యర్థులు

ఆదివారం, గాలి లేదు

చీటీ మా ఇంటికే పడింది.

శాసనసభ ఎన్నికలకి ముందు అభ్యర్థులు నియోజకవర్గంలో ఏదో ఒక ఓటరు ఇంట్లో వారం రోజులు ఉండి తీరాలి. ఆ ఇంటి పెద్ద రోజూ జరిగింది జరిగినట్టు రాయాలి. మర్నాడు పొద్దున దాన్ని, సముద్రం మీద ఇళ్ళని మోస్తూ తేలే ప్రతి పంటుకీ వినపడేలా మైకులో చదువుతారు. ఉపన్యాసాలు ఎత్తేసి ఈ పద్ధతి పెట్టినవాళ్ళెవరో గానీ ఏ అత్తగారి చేతికిందో నలిగినవాళ్ళయి ఉంటారు. ఒకే కప్పు కింద, ఒకే గిన్నెలో పప్పు తింటూ వారం పాటు అబద్ధం ఆడడం ఎవరికైనా కష్టమే.

నా పేరు చూడామణి. లా కాలేజీలో సాక్ష్యాల చట్టం పాఠం చెప్పినదాన్ని. ఇప్పుడు నాచు వడియాలు పెడుతున్నాను. రెండూ ఎండలో పెడితేగాని నిలవుండవు.

ఇంట్లో ఉండేది నేను, మా అమ్మాయి కుముదిని, అల్లుడు నరహరి, నరహరి కొంగ. కొంగ సంగతి మీకు తెలియనిది కాదు. కానీ ఇంట్లోవాళ్ళందరినీ పరిచయం చెయ్యమని రూలుంది, అందుకని చెబుతున్నాను. ఇనప కాళ్ళు, తెల్లటి ప్లాస్టిక్ రెక్కలు. పాత జైళ్ళు సముద్రంలో కలిసిపోయాక శిక్షల శాఖవారు చేసిన ఏర్పాటు ఇది. నేరం చేసినవాడు ఎక్కడికి వెళితే అక్కడికి వస్తుంది. ఇంట్లోవాళ్ళు కాక ఇంకెవరు దగ్గరికొచ్చినా గొంతెత్తుతుంది. నోరు మూశారంటే మూసినవాళ్ళకి ఇంకో కొంగ. మా అల్లుడిది ఇలా అంటుంది: "ఈయన నరహరి. పక్కింటి పేరిందేవి పంటు మోకు విప్పి, ఆమెను, ఆమె రెండు మేకలను సముద్రంలోకి వదిలినవాడు. జాగ్రత్త."

అబద్ధమేమీ కాదు. పేరిందేవి ఆరేసే వలల నీడ మా సౌర పలకల మీద పడుతోందని రెండు నెలలు వాదులాడుకున్నారు. ఒక మధ్యాహ్నం ఆవిడ కునుకు తీస్తుంటే మా వాడు వెళ్ళి మోకు విప్పేశాడు. పంటు కాస్త పక్కకి జరుగుతుందనుకున్నాడట. సముద్రానికి కాస్త అంటే ఏం తెలుసు? మర్నాడు చేపలవాళ్ళు ఆవిణ్ణి వెతికి తెచ్చారు.

మూడేళ్ళ శిక్ష వచ్చే నెలతో తీరాలి. తీరుతుందా లేదా అన్నదే ఈ ఎన్నిక. కొలిపాక దమయంతి గెలిస్తే, మోకు మీద చెయ్యి వేసిన ప్రతివాడికీ కొంగ జీవితాంతం ఉంటుంది. బుర్రా ఉపేంద్ర గెలిస్తే కొంగలన్నీ ఒక్కసారే ఎగిరిపోతాయి. ఇలాంటి ఇంటికి ఈ రాతపని అప్పజెప్పకూడదని అధికారికి నేనే చెప్పాను. చీటీ చీటీయేనన్నాడు. పంటు మీద పుట్టినవాడికి చీటీ మీద ఎంత నమ్మకమో.

సోమవారం, పోటు

ఇద్దరూ దిగారు.

ఉపేంద్రకి నలభై ఉంటాయి. నవ్వు ముఖం, మంచి గొంతు, కొండపల్లి గట్టు మీద పెరిగినవాడు. నేల మీద పెరిగినవాళ్ళని మన పంటు మీద నడక చూసే పట్టేయొచ్చు. ప్రతి అడుగుకీ అనుమతి అడుగుతారు. నరహరిని కౌగిలించుకుందామని రెండు చేతులూ చాపి వచ్చాడు. కొంగ అందుకుంది. చేతులు సగం దారిలో ఆగి, కాసేపు తటపటాయించి, నమస్కారంగా మారాయి.

దమయంతి తన కంచం, చాప తనే తెచ్చుకుంది. యాభై దాటిన మనిషి, పలచటి పెదాలు. వాళ్ళ అమ్మగారి కొట్లో ఒకడే మూడుసార్లు దొంగతనం చేశాడట. ఆ మనిషి పక్క వాడ నుంచి వచ్చినవాడట. దొంగని అక్కడ అందరికీ తెలుసట, వీళ్ళ వాడలో ఎవరూ చెప్పలేదట. అప్పట్నుంచీ ఈవిడకి కొంగల మీద గురి. కొంగ చెప్పేదంతా చివరిదాకా విని, నరహరి వైపు తిరిగి నిజమేనా అని అడిగింది. నిజమేనండి అన్నాడు. ఎందుకు చేశారు అంది. అతను వలల నీడ దగ్గర మొదలుపెట్టి పూసగుచ్చినట్టు చెప్పాడు. అంతా విని, ఇంత చిన్న కారణానికి అంత పెద్ద పనా అంది. నాకూ ఇప్పుడు అలాగే అనిపిస్తోందండి అన్నాడు.

ఇద్దరికీ నాచు పప్పు వడ్డించాను. ఉపేంద్ర బ్రహ్మాండంగా ఉందని పొగిడి సగం వదిలేశాడు. దమయంతి ఉప్పెక్కువైందని చెప్పి మొత్తం తినేసింది.

మంగళవారం, పోటు

పొద్దున మైకులో పప్పు సంగతి చదివారు. ఈవేళ ఉపేంద్ర కంచం తుడిచినట్టుంది.

ఇద్దరికీ పని అప్పజెప్పాను. పలకల మీద పేరుకున్న ఉప్పు తుడవడం దమయంతికి, మంచినీళ్ళ పడవ వచ్చినప్పుడు గొట్టం పట్టుకోవడం ఉపేంద్రకి. పని చేస్తున్నవాళ్ళని అడిగితే జవాబులు పొట్టిగా వస్తాయి. ఇది క్లాసులో నేర్చుకున్నది కాదు, పెళ్ళిళ్ళ వంటశాలల్లో నేర్చుకున్నాను.

కొంగలు పోయాక ఇంకొకడు మోకు విప్పకుండా ఆపేదేమిటి నాయనా అని ఉపేంద్రని అడిగాను. నమ్మకం అన్నాడు. మనిషిని నమ్మితే మనిషి నిలబడతాడని, కొంగ చూపేది నేరాన్నేగాని మనిషిని కాదని చాలా బాగా చెప్పాడు. కళ్ళు చెమర్చాయి కూడా, గొట్టం జారి మొహాన నీళ్ళు పడ్డాయి గనక ఏవి ఏ నీళ్ళో ఖాయంగా చెప్పలేను. కానీ నరహరి అందించిన టీ గ్లాసుని అంచు పట్టుకుని తీసుకున్నాడు, వేళ్ళు తగలకుండా. ఆయన సంచికి తాళం ఉంది.

జీవితాంతం కొంగ ఉండేట్టయితే ఇక మారడం దేనికమ్మా, మారినా మారకపోయినా ఒకటేగా అని దమయంతిని అడిగాను. చేతిలో గుడ్డ ఆపకుండానే జవాబిచ్చింది.

"మారాడని తేల్చేదెవరు పిన్నిగారూ? అత్తగారా?"

ఆ అత్తగారిని నేనే. కాబట్టి అదీ రాస్తున్నాను.

బుధవారం, ఆటు

నిన్నటి రాత మైకులో వచ్చాక వాడంతా రెండు జట్లయింది. నీళ్ళ దగ్గర, చేపల దగ్గర ఇదే గోల. ఉపేంద్ర సంచి తాళం తీసి అందరికీ కనపడేలా గడప మీద పెట్టాడు. తప్పు దిద్దుకోవడంలో చురుకే గానీ కాస్త వేడుకగా దిద్దుకుంటాడు.

మధ్యాహ్నం వడియాలు తిప్పుతుంటే కుముదిని వచ్చి పక్కన కూర్చుంది. ఏదో అడగబోతోందని వడియాలకి కూడా తెలిసిపోయింది. ఉపేంద్రగారి గురించి కాస్త మెత్తగా రాయమని అడిగింది. అబద్ధం రాయక్కర్లేదట, గ్లాసు అంచులాంటివి వదిలేస్తే చాలునట.

"నువ్వు ముప్పై ఏళ్ళు సాక్ష్యం సాక్ష్యం అన్నావు. ఆ కొంగ పక్కన నిద్రపోయేది నేను. ఇదీ సాక్ష్యమే కదమ్మా."

ఇది మైకులో వస్తుందని దానికి తెలుసు. అయినా అడిగింది. అది పడుతున్న కష్టం నాకు తెలియనిది కాదు. మూడేళ్ళుగా పేరంటానికి మా గడప దాటి లోపలికి ఒక్కరు రాలేదు. వచ్చినవాళ్ళు గుమ్మంలో కొంగ మాట వినేసరికి తాంబూలం అందుకోకుండానే వెనక్కి తిరిగేవారు. కానీ గ్లాసు అంచుని చూసినదాన్ని చూడలేదని ఎలా రాయను? రాయనన్నాను. కుముదిని లేచి వెళ్ళి గిన్నెలు గట్టిగా తోమింది.

అభ్యర్థులకి మన మోకు మర్యాద తెలియదు కాబట్టి సాయంత్రం చెప్పాను. రెండు పంట్ల మధ్య మోకు ఒకటే, ముడులు రెండు. మన ముడిని పొరుగువాళ్ళు చూడాలి, వాళ్ళ ముడిని మనం చూడాలి. అవతలివాళ్ళు మోకు చేత్తో పట్టుకుని ఊఁ అనేదాకా ఇవతల ముడి విప్పకూడదు. పేరిందేవి ఈ మూడేళ్ళూ మా ఇంట్లో ఎవర్నీ ముడి ముట్టనివ్వలేదు. రెండు కొసలూ తనే కట్టుకుంటుంది, తనే చూసుకుంటుంది. చేతులు ఉబ్బి ముడి వదులవుతోంది. ఈ సంగతి దమయంతి రాసుకుంది. ఉపేంద్రకి మాత్రం ఒక ఆలోచన వచ్చింది. అది నేను గమనించి ఉండాల్సింది.

గురువారం, ఆటు, పడమటి గాలి

ఇది వివరంగా రాయాలి.

మేకపాల కోసం పేరిందేవి పంటుకి వెళ్ళాను. ఆవిడకీ నాకూ పాల వరకు మాటలున్నాయి. ఉపేంద్ర నా వెనకే వచ్చాడు, నరహరిని కేకేసి పిలిచాడు. వాడంతా చూస్తుండగా నరహరి చేత పేరిందేవి ముడి బిగింపిస్తే నమ్మకమంటే ఏమిటో అందరికీ తెలుస్తుందని ఆయన ఆలోచన. పేరిందేవిని అడగాలని తోచలేదు. నరహరి రానన్నాడు, రెండోసారీ రానన్నాడు. మూడోసారి మొహమాటపడి, రెండు పంట్ల మధ్య వేసిన బల్ల మీద కాలు పెట్టాడు. కొంగ అరుపు మొదలుపెట్టింది. పేరిందేవి గెడ ఎత్తింది. నరహరి వెనక్కి దూకాడు, బల్ల నీళ్ళలో పడింది.

ఉపేంద్ర ఇద్దరినీ శాంతపరుస్తూ, చూడండి ముడి ఎంత వదులుగా ఉందో, నేనే సరిగ్గా కడతానని వంగి విప్పేశాడు.

అవతల మోకు పట్టుకున్నవాళ్ళు లేరు. ఊఁ అన్నవాళ్ళు లేరు. ఆటు లాక్కుపోతోంది. మా అల్లుడు కోపంతో చేసిన పని ఈయన ఆదర్శంతో చేశాడు. మోకుకి ఆ తేడా తెలియదు.

అలా పేరిందేవి, నేను, రెండు మేకలు, ఒక అభ్యర్థి పంటుతో సహా సముద్రంలో పడ్డాం. ఉపేంద్ర మొహం పాలిపోయింది. నేను పాలచెంబు ఒలకకుండా పట్టుకుని కూర్చున్నాను. గట్టున, అదే మా పంటు అంచున, నరహరి అటూఇటూ పరుగెడుతుంటే కొంగ వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది: పేరిందేవిని, ఆమె రెండు మేకలను. కొంత దూరం దాకా వినపడింది. తర్వాత సన్నగిల్లింది. తర్వాత నీళ్ళ చప్పుడే మిగిలింది.

పేరిందేవి గెడ కింద పెట్టి చతికిలబడింది. భయపడుతోందేమోనని చెయ్యి పట్టుకోబోయాను.

"ఎంత హాయిగా ఉంది వదినా," అంది.

కాళ్ళు చాపుకుని చెప్పుకొచ్చింది. నరహరి పేరు ఎన్నిసార్లు వస్తుందో ఆవిడ పేరూ అన్నిసార్లే వస్తుంది. చేపల బజారుకి వెళితే మేకలు కులాసానా అంటారు. కొత్తవాళ్ళకి పరిచయం చేస్తే ఓహో, ఆ పేరిందేవా అంటారు. ఆ రాత్రి చీకట్లో ఏం జరిగిందో అడిగినవాళ్ళు లేరు గానీ మేకల సంగతి నవ్వుతూ అడగనివాళ్ళు లేరు. "శిక్ష వాడికి మూడేళ్ళన్నారు. నాకెన్నాళ్ళో ఎవరూ చెప్పలేదు."

ఉపేంద్ర సిగ్గుపడి, అమ్మా తప్పు నాది, మిమ్మల్ని అడక్కుండా మీ మోకు మీద చెయ్యి వేశాను, క్షమించండి అన్నాడు. అలంకారాలేమీ లేకుండా అన్నాడు. ఈ వారంలో ఆయన మాట్లాడిన మాటల్లో అదే పొట్టిది, అదే మంచిది. ఒడ్డుకి చేరాక ఫిర్యాదు చేసుకోండి, నాకూ కొంగ పడనీండి అని కూడా అన్నాడు. పేరిందేవి చెయ్యనంది.

"ఇంకో కొంగ నోట్లో నా పేరా? నాకొద్దు బాబూ. ఈసారి నన్ను చంపబోయినా చెప్పను."

అప్పుడే పడవ కనపడింది. తెడ్డు వేస్తున్నది దమయంతి. మోకు చుట్ట భుజాన వేసుకుని నరహరి నిలబడ్డాడు. పడవ ముక్కు మీద కొంగ. దగ్గరికి వచ్చేకొద్దీ గొంతు పెంచింది. పేరిందేవి లేచి, ఆ నోరు మూసేదాకా మోకు అందుకోనంది. కావాలంటే సింహళం దాకా కొట్టుకుపోతానంది. నేనూ ఉన్నానని గుర్తుచేశాను, వినిపించుకోలేదు.

కొంగ నోరు మూయడం నేరం. చట్టంలో ఆ సెక్షన్ రాయించిన సంఘంలో దమయంతి ఒకతి. ఆవిడ తెడ్డు పక్కన పెట్టింది. పడవ అడుగునున్న గోనెసంచి తీసి కొంగ మీద వేసి మూతి కట్టేసింది. సంచిలో గొణుగుడు, ఆ తర్వాత నిశ్శబ్దం.

"ఎవరది?" అంది పేరిందేవి, నాలుగు బారల దూరంలో నిలబడ్డ నరహరిని చూస్తూనే.

మా అల్లుడు అలవాటు కొద్దీ సంచి వైపు చూశాడు, అదే చెబుతుందని. మూడేళ్ళుగా అతను చెప్పుకోవాల్సిందంతా అదే చెబుతూ వచ్చింది మరి. సంచి కదల్లేదు. గొంతు సవరించుకున్నాడు.

"నరహరిని. నీ మోకు విప్పినవాణ్ణి పిన్నీ. కోపంతో విప్పాను. నువ్వు లోపల పడుకుని ఉన్నావని తెలుసు, తెలిసే విప్పాను. ఆ రాత్రి నీకెలా గడిచిందో ఒక్కసారీ అడగలేదు."

"అయితే అడుగు."

అడిగాడు. ఆవిడ చెప్పింది. పడవ అక్కడ, పంటు ఇక్కడ, మధ్యలో నీళ్ళు. దీపం ఆరిపోయాక ఏ వైపు ఒడ్డుందో తెలియకపోవడం, నీళ్ళకుండ దొర్లిపోవడం, తెల్లవారుజామున వాళ్ళమ్మని పిలిచి ఏడవడం, అన్నీ చెప్పింది. ఆటు ఇంకా లాగుతోందండి అని మధ్యలో ఉపేంద్ర గుర్తుచేస్తే నలుగురం ఒక్కసారే నోరు మూసుకోమన్నాం.

చెప్పడం అయ్యాక ఆవిడ చెయ్యి చాపింది. నరహరి మోకు విసిరాడు.

శుక్రవారం, జల్లు

పొద్దున మైకు చదువుతున్నంతసేపూ వాడలో ఒక్క గిన్నె చప్పుడు లేదు.

దమయంతి శిక్షల శాఖకి కబురు పంపి తన నేరం తనే ఒప్పుకుంది. మధ్యాహ్నానికి కొంగ వచ్చింది, కొత్తది, మెరుస్తోంది. "ఈమె దమయంతి. కొంగ నోరు మూసినది. జాగ్రత్త." ఇక మా ఇంట్లో రెండు కొంగలు. ఒకదాన్ని చూసి ఒకటి అరుస్తాయి, నరహరికి దమయంతి సంగతి, దమయంతికి నరహరి సంగతి విడవకుండా చెబుతాయి. వంటింట్లో ఉప్పెక్కడుందో అడగాలంటే నేను చేతులతో సైగ చెయ్యాల్సి వచ్చింది. ఉపేంద్ర ఇదంతా తనవల్లే వచ్చిందని పశ్చాత్తాపపడుతూ వడియాలన్నీ జల్లులో తడవకుండా లోపల పెట్టాడు. ఈసారి అడిగి పెట్టాడు.

సాయంత్రం దమయంతి కొంగ అరుపుల మధ్యనే నన్ను ఒక మాట అడిగింది. ఫిర్యాదు చెయ్యనిది పేరిందేవి ఒక్కతేనా, ఇంకా ఉన్నారా అని. నాకు తెలియదన్నాను. సాక్ష్యం పాఠం చెప్పినదాన్ని, రాని సాక్షుల గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

శనివారం, ఎండ

పెద్ద పంటు మీద సభ. అభ్యర్థి మాట మార్చుకోదలిస్తే ఇక్కడే, ఓటర్ల ముందే మార్చుకోవాలి.

దమయంతి ముందు ప్రశ్న వేసింది. తమకి జరిగిన నేరం గురించి, కొంగ నోట్లో పేరు పడుతుందని భయపడి, ఫిర్యాదు చెయ్యనివాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తమంది. మొదట ఎవరూ ఎత్తలేదు. పేరిందేవి లేచి ఎత్తింది. ఆవిణ్ణి చూసి వలలు అల్లే ఒకాయన. ఆ తర్వాత ఆ మూలా ఈ మూలా చేతులు లేచాయి. మా కుముదిని స్నేహితురాలు ఒకమ్మాయి ఎత్తింది, దానికేం జరిగిందో మాకెవరికీ ఇప్పటిదాకా తెలియదు.

దమయంతి చాలాసేపు ఆ చేతుల్ని చూసింది. కొంగ ఉంటే వాడ భద్రంగా ఉందనుకున్నాను, ఇంతమంది నోళ్ళు మూసి భద్రమనుకున్నాను అంది. జీవితాంతం కొంగ అన్న మాట వెనక్కి తీసుకుంటానంది. శిక్ష ఎన్నాళ్ళంటే అన్నాళ్ళే. బాధపడ్డవాళ్ళ పేరు ఎవరి నోటా రాకూడదు, వాళ్ళు కోరితే తప్పు చేసినవాడు ఎదురుగా నిలబడి తన నోటితో చెప్పుకోవాలి. మోకు ముడులు చూడడానికి వాడకి ఇద్దరు జీతగాళ్ళు ఉండాలి. కొంగలు మొత్తం ఎత్తేస్తానని మాత్రం అనలేదు. అడిగితే, ఇంకా ఆలోచిస్తున్నానంది.

ఉపేంద్ర కొంగలన్నీ పోవాలన్న మాట మీదే ఉన్నాడు. దమయంతి చెప్పిన మిగతావి కూడా మంచివేనని ఒప్పుకున్నాడు. జీతగాళ్ళ సంగతి అడిగితే గెలిచాక చూద్దామన్నాడు.

నేను పోల్చి చెప్పాల్సింది ఇదీ. కొంగ తప్పని మొదటినుంచీ అన్నవాడు ఉపేంద్ర, ఆ మాట నిజం. అయితే ఆ తర్వాత ఏమిటన్న దగ్గర ఆయన దారి పొగమంచులో ఉంది. దమయంతి తప్పు దారిన చాలా దూరం నడిచింది, కానీ తెలిసిన చోట ఆగి వెనక్కి తిరిగింది, తిరిగినందుకు ఖరీదు కూడా కట్టింది. మొదటినుంచీ సరైన మాట అనేవాళ్ళు సభకి కావాలి. మాట మార్చుకోగలిగినవాళ్ళూ కావాలి. సీటు మాత్రం ఒకటే. నా ఓటు ఎవరికో చెప్పకూడదని చట్టం. కుముదినికి చెప్పలేదు, అది అడగలేదు. ఈవేళ గిన్నెలు మెల్లగా తోమింది.

ఇది మైకు కోసం కాదు

ఎన్నికయి నెల దాటింది. దమయంతి గెలిచింది, భుజాన కొంగతోనే ప్రమాణం చేసింది. సభలో ఆవిడ లేచిన ప్రతిసారీ అది ముందు మాట్లాడుతుందట, సభాపతి దాన్ని కూర్చోమంటున్నాడట. ఉపేంద్ర ఓడినా ఇటు రావడం మానలేదు. ఆదివారాలు వచ్చి ముడులు నేర్చుకుంటున్నాడు. చాలా నెమ్మదిగా నేర్చుకుంటున్నాడు.

నిన్న నరహరి శిక్ష తీరింది. కొంగ రెండుసార్లు రెక్కలు కొట్టుకుని, ఏమీ అనకుండా తూర్పుగా వెళ్ళిపోయింది. కుముదిని దాన్ని కనుమరుగయ్యేదాకా చూసి లోపలికెళ్ళి పేరంటానికి పసుపు కలిపింది.

సాయంత్రం పేరిందేవి తన పంటు అంచున నిలబడి, ఏం నరహరీ, పొరుగు ముడి చూసే అలవాటు మీ ఇంట్లో లేదా అంది. వెళ్ళాడు. అవతల మోకు నేను పట్టుకుని ఊఁ అన్నాను. విప్పి, కొత్తగా కట్టాడు. ఆవిడ వంగి, ఉబ్బిన వేళ్ళతో ముడిని అటూఇటూ లాగి చూసి, మొత్తం విప్పేసింది.

"మళ్ళీ కట్టు," అంది.

మా అల్లుడు చొక్కా చేతులు మడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాడు.